ఆఫ్రికా అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ అర్హత పోటీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2022 అక్టోబరు 14న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచకప్ భారత్-మొరాకో ఆట చూడ్డానికి నేనూ మా మేనకోడలూ ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళాం. సాయంత్రం బ్రెజిల్-అమెరికా మ్యాచ్ 1-1తో ముగిసింది. రాత్రి 8 గంటలకి మనవాళ్ళు దిగారు. విరామానికి 0-0. గ్యాలరీ అంతా లేచి నిలబడి అరుస్తోంది. రెండో సగం మొదలైన కాసేపటికే మొరాకోకి పెనాల్టీ దొరికింది, గోలైంది. తర్వాత ఇంకో రెండు పడ్డాయి. చివరికి 0-3.

తిరుగు రైల్లో పై బెర్తు మీంచి తల కిందికి వేలాడేసి పిల్ల అడిగింది: "మావయ్యా, మనం ఊళ్ళో పెళ్ళి పెట్టుకున్నాం కాబట్టి భోజనానికి కూర్చున్నాం. మరి వీళ్ళకి పిలుపెలా వచ్చింది?"

ఆతిథ్య దేశం కాబట్టి మనకి నేరుగా చోటు దొరికింది, మరి మొరాకోకి ఎలా దొరికిందని దాని ప్రశ్న. ఆ రాత్రి నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత చదివీ, మ్యాచ్‌లు వెతికి చూసీ తెలుసుకున్నదంతా, అప్పటినుంచి స్నేహితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలతో కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ఇది అసలు ఏం టోర్నీ? కప్పు ఎవరికిస్తారు?

కప్పు ఎవరికీ ఇవ్వరు. ఫైనల్ కూడా ఉండదు. ఈ పోటీలో గెలిస్తే దక్కేది ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచకప్‌కి టికెట్టు, అంతే.

ఆఫ్రికాలో సీనియర్ మహిళలకి ఖండం స్థాయిలో కప్పుంది. అండర్-17 అమ్మాయిలకి అలాంటిది లేదు. అందుకే జట్లన్నీ ఒకచోట చేరి మూడు వారాలు ఆడే పండగేమీ ఉండదు. ఇద్దరిద్దరు చొప్పున జోడీలు కడతారు, ఒకరి ఊళ్ళో ఒకటి, రెండోవారి ఊళ్ళో ఒకటి ఆడతారు, ఓడినవాళ్ళు ఇంటికి. ఇలా రౌండు రౌండుగా వడపోసి, ఆఖరి రౌండులో మిగిలినవాళ్ళందరికీ ఒకేసారి టికెట్లు. కాబట్టి ఆఫ్రికా నుంచి విజేత అని ఒక్కరు ఉండరు, ముగ్గురో నలుగురో ఉంటారు. నన్నడిగితే ఈ పోటీ రుచంతా ఆ ఆఖరి రౌండులోనే ఉంది. ఫైనల్ ఓడితే కనీసం వెండి పతకమైనా మెళ్ళో పడుతుంది. ఇక్కడ ఓడితే మిగిలేది తిరుగు ప్రయాణమే.

ఎవరు నడుపుతారు? ఎన్ని స్థానాలున్నాయి?

కాఫ్, అంటే ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య. 1957లో పుట్టింది, కార్యాలయం ఈజిప్టులో కైరో దగ్గర, సభ్య దేశాలు 54. ప్రపంచకప్ 2008లో న్యూజిలాండ్‌లో మొదలైన దగ్గర్నుంచి 2024 దాకా 16 జట్లతో, రెండేళ్ళకోసారి జరిగింది. ఆఫ్రికాకి ఇచ్చింది మొదటిసారి రెండు స్థానాలు, 2010 నుంచి మూడు. 2025 నుంచి లెక్క మారింది. 24 జట్లు, ఏటా పోటీ, 2029 వరకూ వరసగా అయిదేళ్ళూ మొరాకోలోనే. 2025లో ఆతిథ్య మొరాకో కాక నైజీరియా, కామెరూన్, జాంబియా, ఐవరీ కోస్ట్ ఆడాయి. అంటే అర్హత పోటీల్లో కొట్లాట నాలుగు స్థానాలకన్నమాట.

రెండు లెగ్‌ల, అంటే ఒక జోడీ ఇంటా బయటా ఆడే రెండు మ్యాచ్‌ల లెక్క తలకెక్కడం లేదు. కాస్త విడమర్చి చెప్తారా?

రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. మొదటి ఆటలో మీరు 3-0తో గెలిచి, రెండోది 0-2తో ఓడినా 3-2తో మీదే పైచేయి. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది.

మొత్తం సమానమైతేనే తిరకాసు. అప్పుడు అవే గోల్ చూస్తారు, అంటే అవతలివాళ్ళ మైదానంలో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారన్నది. ఉదాహరణకి మొదటి ఆట మీ ఊళ్ళో 1-1, రెండోది వాళ్ళ ఊళ్ళో 0-0. మీరు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా బయటికి పోయేది మీరే, ఎందుకంటే వాళ్ళు మీ ఊళ్ళో ఒక గోల్ కొట్టారు, మీరు వాళ్ళ ఊళ్ళో కొట్టలేదు. యూరప్ తన క్లబ్ పోటీల్లో ఈ నిబంధనని 2021లోనే తీసేసింది. ఆఫ్రికాలో ఈ పోటీల్లో ఇంకా బతికే ఉంది. నాకు మాత్రం ఇది ఉండడమే ఇష్టం. సొంతగడ్డ మీద 2-0 ఆధిక్యంలో ఉన్న జట్టు ఒక్క గోల్ ఇచ్చుకుంటే చాలు, స్టేడియం మొత్తం మూగబోతుంది.

అవే గోల్స్ కూడా సమానమైతే నేరుగా పెనాల్టీ షూటౌట్, అంటే ఇరువైపులా వంతులవారీగా పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడం. మధ్యలో అదనపు సమయం అరగంట ఇవ్వరు. టీవీలో పెద్దవాళ్ళ మ్యాచ్‌లకి అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

2022లో మన దేశానికి వచ్చిన మూడు ఆఫ్రికా జట్లు ఎలా నెగ్గుకొచ్చాయి?

మా పిల్ల అడిగింది ఇదే, కాబట్టి తీరిగ్గా చెప్తాను. ఆఖరి రౌండు మే, జూన్ నెలల్లో జరిగింది. మూడు జోడీలు, మూడు రకాల కథలు.

మొరాకోకి ఎదురుపడింది ఘనా. అప్పటిదాకా జరిగిన ఆరు ప్రపంచకప్‌లలో ఒక్కటీ తప్పకుండా ఆడిన జట్టు ఘనా. మొరాకో అమ్మాయిలు ఒక్కటీ ఆడలేదు. మొదటి ఆట ఘనాలో, సముద్రం ఒడ్డునున్న కేప్ కోస్ట్‌లో. ఘనా 2-0. చూసినవాళ్ళెవరైనా పని అయిపోయిందనే అనుకుంటారు. రెండో ఆట రబాత్‌లో. మొరాకో ఆ రెండు గోల్స్‌నీ తిరిగి కొట్టింది, తన వలలో ఒక్కటీ పడనివ్వలేదు. అక్కడా 2-0, ఇక్కడా 2-0. కలిపితే సమానం, అవే గోల్స్ ఇద్దరికీ సున్నా. షూటౌట్లో మొరాకో 4-2తో గెలిచింది. ఘనా లేని ప్రపంచకప్ అదే మొదటిది. భువనేశ్వర్‌లో మన ముందు నింపాదిగా బంతి తిప్పుతూ ఆడిన పిల్లలు నాలుగు నెలల కిందట ఇలాంటి గండం దాటి వచ్చారని ఆ రోజు గ్యాలరీలో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలీదు.

టాంజానియా దారి వేరు. కామెరూన్‌తో జోడీ. కామెరూన్ అప్పటికే రెండుసార్లు ప్రపంచకప్ ఆడింది, టాంజానియాకి ఏ అనుభవమూ లేదు. మొదటి ఆట యావుండేలో, అంటే కామెరూన్ ఇంట్లోనే. టాంజానియా అమ్మాయిలు 4-1తో కొట్టి వచ్చారు. రెండో ఆట జాంజిబార్‌లో, 1-0. మొత్తం 5-1. పరాయిగడ్డ మీద నాలుగు గోల్స్ కొట్టి వస్తే రెండో లెగ్ లాంఛనమే.

ఇక నైజీరియా. ముగ్గురిలో పేరున్న జట్టు అదే, కానీ అదీ బొటాబొటిగానే గట్టెక్కింది. ఇథియోపియా మీద ఆడిస్ అబాబాలో 1-0, అబుజాలో సొంత జనం ముందు 0-0. నూట ఎనభై నిమిషాల ఆటకి ఒక్క గోల్. ఆ ఒక్కటి పడకపోయి ఉంటే తర్వాత గోవాలో, నవీ ముంబైలో జరిగిన కథంతా ఉండేది కాదు.

ఇక్కడికి వచ్చాక ఎలా ఆడారు?

మొరాకో మన మీద గెలిచినా బ్రెజిల్, అమెరికాల చేతుల్లో ఓడి గ్రూపు దశలోనే వెళ్ళిపోయింది. టాంజానియా మొదటి ఆటలో జపాన్ చేతిలో 0-4తో చిత్తయింది. అక్కడితో వాళ్ళ పని సరి అనుకుంటుండగా ఫ్రాన్స్‌ని 2-1తో ఓడించింది, కెనడాతో 1-1 ఆడింది, క్వార్టర్స్‌కి చేరింది. అక్కడ కొలంబియా 3-0తో ఆపింది.

నైజీరియా క్వార్టర్ ఫైనల్‌లో అమెరికాని షూటౌట్లో ఓడించింది. సెమీస్‌లో కొలంబియాతో 0-0, షూటౌట్లో 5-6తో ఓటమి. మూడో స్థానం కోసం అక్టోబరు 30న నవీ ముంబైలో జర్మనీతో ఆడింది. 3-0 ఆధిక్యంలోకి వెళ్ళి, మూడూ తిరిగి ఇచ్చేసుకుని 3-3 చేసుకుంది. టీవీ ముందు కూర్చున్న నేను ఆశ వదిలేసుకున్నాను. మళ్ళీ షూటౌట్. మూడు నాకౌట్ మ్యాచ్‌లకి మూడూ షూటౌట్లే! గోల్‌కీపర్ ఫెయిత్ ఒమిలానా నిలబడింది, 3-2తో కాంస్యం వచ్చింది. విచిత్రమేమిటంటే 2012లో అజర్‌బైజాన్‌లో ఘనా కాంస్యం గెలిచింది కూడా జర్మనీ మీదే, 1-0తో.

పిల్లల వయసు ఎలా తేలుస్తారు? మోసాలు జరగవా?

2022 పోటీకి 2005 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 31 మధ్య పుట్టినవాళ్ళే అర్హులు. పై హద్దు ఒక్కటే కాదు, కింది హద్దు కూడా ఉంది చూడండి. మరీ చిన్నపిల్లని దింపడానికి వీల్లేదు.

మగపిల్లల అండర్-17లో ఫిఫా 2009 నుంచి మణికట్టుకి ఎమ్మారై తీయిస్తోంది. ఎముక చివరలు అతుక్కుపోయి ఉంటే వయసు దాటినట్టు లెక్క. అమ్మాయిల్లో ఆ ఎముకలు ముందే అతుక్కుంటాయి కాబట్టి అబ్బాయిల కొలత వీళ్ళకి పనికిరాదు. అందువల్ల జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టుల మీద భారం ఎక్కువ పడుతుంది.

ఈ మాట రాగానే కొందరు నవ్వుతారు, "ఆఫ్రికా కాగితాలేగా" అని. ఆ నవ్వు నాకు నచ్చదు. మన ఊళ్ళల్లో మా తరంలో ఎంతమంది పుట్టినరోజు జూన్ నెలలో పడిందో తెలుసా? బడిలో వేసేటప్పుడు మాస్టారు నోటికొచ్చిన తేదీ రాసేశారు, అదే పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కి, అదే పింఛను దాకా నడిచింది. పుట్టుక వెంటనే నమోదు కాని చోట మోసం చేసే ఉద్దేశం లేకపోయినా కాగితం తప్పుతుంది.

"హోమ్" మ్యాచ్ అంటూ ఇంకో దేశంలో ఆడతారేంటి?

అంతర్జాతీయ మ్యాచ్ జరిగే స్టేడియానికి కాఫ్ ఆమోదం ఉండాలి. పచ్చిక, లైట్లు, డ్రెస్సింగ్ రూములు, అన్నీ చూస్తారు. సొంత దేశంలో అలాంటిది ఒక్కటీ లేకపోతే పొరుగు దేశపు మైదానాన్ని అడిగి తెచ్చుకుని దాన్నే సొంతిల్లు అనుకోవాలి. 2024లో బురుండి తన హోమ్ మ్యాచ్ కెన్యాతో ఆడింది ఇథియోపియాలో, ఆడిస్ అబాబాలో. పేరుకి హోమ్, గ్యాలరీలో మాత్రం మనవాళ్ళంటూ ఉండరు.

మ్యాచ్ ఆడకుండానే తప్పుకునే జట్లు కూడా ప్రతిసారీ కొన్ని ఉంటాయి. పాతికముప్ఫై మందిని విమానంలో పంపి, హోటల్లో పెట్టి, వారం తర్వాత మళ్ళీ ఇంకో మ్యాచ్ సొంతగడ్డ మీద నడపాలంటే చిన్న సమాఖ్యలకి తలకు మించిన ఖర్చు. ఫలితాల పట్టికలో వాకోవర్ కనిపిస్తే అది భయం వల్ల కాదు, చాలాసార్లు డబ్బు లేక.

కెన్యా గురించి అంత గొప్పగా చెప్తారెందుకు?

కెన్యా అంటే పరుగులు. ఫుట్‌బాల్‌లో మగవాళ్ళు గానీ ఆడవాళ్ళు గానీ, పెద్దవాళ్ళు గానీ పిల్లలు గానీ, ఏ ఒక్క కెన్యా జట్టూ అప్పటిదాకా ఫిఫా ప్రపంచకప్ ఆడలేదు. ఆ గీత దాటింది ఈ పదహారేళ్ళ అమ్మాయిలే. 2024 జూన్‌లో బురుండిని ఆడిస్ అబాబాలో 3-0తో, నైరోబీలో 2-0తో ఓడించి, ఆ ఏటి ప్రపంచకప్ జరిగిన డొమినికన్ రిపబ్లిక్‌కి టికెట్టు తెచ్చుకున్నారు. కోచ్ మిల్డ్రెడ్ చెచే. అక్కడ ఇంగ్లండ్, ఉత్తర కొరియాల చేతిలో ఓడినా మెక్సికోని 2-1తో గెలిచారు. ప్రపంచకప్‌లో కెన్యాకి అదే తొలి గెలుపు.

అక్కడ అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుల కన్నా బడుల్లోనే పెరిగింది. బుటేరే గర్ల్స్, వియేటా గర్ల్స్ లాంటి బడుల పేర్లు ఆ దేశంలో ఆట తెలిసిన ఎవరినడిగినా చెప్తారు.

ఎప్పుడూ నైజీరియాయే వస్తుందా?

దాదాపు. 2018లో ఒక్కసారి తప్పింది, దారికి అడ్డుపడింది కామెరూన్. మిగతా అన్ని ప్రపంచకప్‌లూ ఆడింది. ఘనా కథ తిరగబడింది. వరసగా ఆరు ఆడిన జట్టు 2022, 2024, 2025 మూడింటికీ దూరమైంది. రబాత్‌లో ఆ షూటౌట్ ఓడిన రోజు నుంచి ఇంకా కోలుకోలేదనిపిస్తుంది.

ఫ్లెమింగోస్, సెరెంగేటి గర్ల్స్... ఈ పేర్లేంటి?

ఆఫ్రికాలో జట్టుని దేశం పేరుతో పిలవడం తక్కువ, ముద్దుపేరుతోనే పిలుస్తారు. నైజీరియా అండర్-17 అమ్మాయిలు ఫ్లెమింగోస్, అండర్-20 వాళ్ళు ఫాల్కనెట్స్, పెద్దవాళ్ళు సూపర్ ఫాల్కన్స్. అంటే కొంగలాంటి పిట్టతో మొదలై డేగ దాకా ఎదుగుతారన్నమాట. టాంజానియా పిల్లలు సెరెంగేటి గర్ల్స్, ప్రఖ్యాత అభయారణ్యం పేరే. ఘనా వాళ్ళు బ్లాక్ మెయిడెన్స్. కెన్యా జూనియర్ స్టార్‌లెట్స్. నాకు బాగా నచ్చేది దక్షిణాఫ్రికా పేరు: బంట్వానా. పిల్లలు అని అర్థం. పెద్దవాళ్ళ జట్టు బన్యానా బన్యానా, అంటే అమ్మాయిలు అమ్మాయిలు.

ఇక్కణ్ణుంచి పెద్ద ప్లేయర్లు ఎవరైనా వచ్చారా?

బోలెడు మంది. జాంబియా 2014లో తొలిసారి అర్హత సాధించి కోస్టారికా వెళ్ళిన జట్టులో బార్బ్రా బాండా ఉంది. ఇప్పుడామె ప్రపంచంలో పేరున్న స్ట్రైకర్లలో ఒకరు. నైజీరియా రషీదత్ అజిబాదే కూడా అండర్-17 ప్రపంచకప్‌లు ఆడి పైకొచ్చిందే. 2025 జులైలో రబాత్‌లో మొరాకోని 3-2తో ఓడించి ఆఫ్రికా కప్ ఎత్తిన సూపర్ ఫాల్కన్స్‌కి ఆమే కెప్టెన్, టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే.

అండర్-20కి కూడా ఇదే పద్ధతా?

అవును, ఇంటా బయటా రెండేసి మ్యాచ్‌లే. 2022 దాకా ఆఫ్రికాకి రెండే స్థానాలు, 2024లో కొలంబియా పోటీకి 24 జట్లు కావడంతో నాలుగయ్యాయి.

మన భారత్‌కి, మన తెలుగమ్మాయిలకి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు, మనది ఆసియా సమాఖ్య. ఆసియాలో పద్ధతి కూడా వేరు. ముందు ఆసియా కప్‌కి అర్హత, ఆ కప్‌లో బాగా ఆడితే ప్రపంచకప్. 2022లో మనం ఆతిథ్య హోదాలో ఆడాం. అమెరికా 8, మొరాకో 3, బ్రెజిల్ 5 గోల్స్ కొట్టాయి, మనం ఒక్కటీ కొట్టలేదు. 2025 అక్టోబరులో మన అండర్-17 అమ్మాయిలు కిర్గిజ్‌స్తాన్‌లో ఉజ్బెకిస్తాన్‌ని 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి ఆడి అర్హత సంపాదించారు. మా మేనకోడలి భాషలో చెప్పాలంటే, ఈసారి పిలుపు వచ్చింది.

తెలుగువైపు నుంచి చూస్తే నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. భారత సీనియర్ జట్టు వింగర్, 2024-25కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆమె పక్కన దాడికి దిగింది ఘనా ఫార్వర్డ్ ఎల్షదాయ్ అచియాంపాంగ్. లీగ్‌లో ఉగాండా, ఘనా అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. మనవాళ్ళు ఆఫ్రికా ఆట వేగాన్ని దగ్గర్నుంచి చూస్తున్నది అక్కడే.

మ్యాచ్‌లు ఎక్కడ చూడాలి?

మన టీవీ ఛానళ్ళలో ఆశ పెట్టుకోకండి. ఆయా దేశాల సమాఖ్యల యూట్యూబ్, ఫేస్‌బుక్ పేజీల్లో కొన్ని లైవ్ వస్తాయి. ఒకే కెమెరా ఉంటుంది, వర్షమొస్తే దాని మీద గొడుగు పట్టుకున్న చెయ్యి కూడా కనిపిస్తుంది, స్కోరు చూపించడం మర్చిపోతారు. కామెంటరీ ఫ్రెంచిలోనో స్వాహిలిలోనో ఉంటుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి: స్కోరు వెతికేటప్పుడు మొదటి లెగ్ ఎంతో ముందు చూసుకోండి. అది తెలీకపోతే 1-0తో గెలిచిన పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాదు.

ఒకసారి ఓడిన అమ్మాయికి మళ్ళీ అవకాశం ఉంటుందా?

ఇప్పుడైతే ఉంటుంది. ఏటా పోటీ కాబట్టి పదిహేనేళ్ళకే జట్టులోకి వచ్చిన పిల్లకి రెండు మూడు సార్లు ప్రయత్నించే వీలుంది. రెండేళ్ళకోసారి జరిగిన రోజుల్లో అంతా పుట్టిన సంవత్సరం మీద ఆధారపడేది.

2020 ప్రపంచకప్ కూడా మన దేశంలోనే జరగాల్సింది. కరోనా వచ్చి ఆఫ్రికా అర్హత పోటీలు మధ్యలో ఆగాయి, ఆ ఏడాది నవంబరులో ప్రపంచకప్పే రద్దయింది. తర్వాతిది 2022లో. ఇప్పుడు లెక్క వేయండి. 2003లో పుట్టిన అమ్మాయికి 2018 పోటీ ఆడే వయసుంది. 2005లో పుట్టినామెకి 2022 ఉంది. 2004లో పుట్టినవాళ్ళు 2018కి చిన్నవాళ్ళు, 2022కి పెద్దవాళ్ళు. వాళ్ళకి రాసిపెట్టి ఉన్నది ఆ రద్దయిన ఒక్కటే. మా మేనకోడలు పుట్టింది కూడా 2004లోనే.